పాల లెక్క, ఆకలి లెక్క

కోదాడలో మా అమ్మాయి వంటింట్లో ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించి వుంది. ఉదయం ఆరింటికి గోరువెచ్చని నీళ్ళలో నిమ్మరసం. ఎనిమిదింటికి రెండు ఇడ్లీలు, లేదా ఓట్స్ ఒక కప్పు. మధ్యాహ్నం ఒక పుల్కా, కూర, పలుచని మజ్జిగ. సాయంత్రం గ్రీన్ టీ. రాత్రి ఏడున్నరకి సూప్. ఎనిమిది దాటాక ఏమీ తినకూడదు. కింద ఎర్ర సిరాతో మొత్తం: 1,200 కేలరీలు.

పాపకి అప్పటికి మూడు నెలలు నిండాయి. సూర్యాపేటలో మా యింట్లో పురుడు పోసుకుని, కోదాడ వెళ్ళి పదిహేను రోజులయింది. నేను చూడటానికి వెళ్ళిన రోజు అమ్మాయి పాపని వొళ్ళో పెట్టుకుని పాలిస్తూ గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. నిద్రనుకున్నాను. "నిద్ర కాదమ్మా, కళ్ళు తిరుగుతున్నయ్" అంది. ముందు రోజు మెట్లెక్కుతూ కూలబడిపోయిందట. పాప చేతిలో లేదు కాబట్టి సరిపోయింది.

నాకు కోపమొచ్చింది. ఎవరిచ్చారే నీకీ చార్టు, పాలిచ్చే పిల్లకి పన్నెండు వందలేమిటి అని గట్టిగానే అన్నాను. అది నా మొహంలోకి చూసి, "నువ్వే కదమ్మా పంపింది" అంది.

నిజమే. ఇరవై ఒకటో రోజు ఫంక్షన్‌లో, నలుగురిలో, "ఒళ్ళు బాగొచ్చింది బిడ్డా, జర చూసుకో" అన్నది నేను. తర్వాత ఎవరో పంపిన చార్టుని పూర్తిగా చదవకుండానే దానికి పంపించిందీ నేనే. "చూపులు" గురించి, శరీరం గురించి మన కవయిత్రులు రాసిన కవితల్ని ముప్పై ఏళ్ళుగా క్లాసుల్లోనూ సభల్లోనూ వివరిస్తూ వచ్చిన నేను, నా కూతుర్ని బాలింతరాలిగా చూసినప్పుడు ముందు చూసింది దాని నడుముని. ఈ వ్యాసం ఆ సిగ్గులోంచి మొదలయింది. వొప్పుకుని వదిలేస్తే చాలదనిపించి ఆ కాగితాన్ని ఒక పాఠ్యంగా చదివి చూశాను. మనం కథనీ కవితనీ చదివినట్టే.

ఆ పాఠ్యంలో క్రియలన్నీ ఒక్క తీరువే. తాగాలి, తినాలి, మానాలి. కర్త లేదు. ఎవరు తినాలి? ఆమె రాత్రి ఎన్నిసార్లు లేచింది? ఆపరేషన్ కుట్లు మానాయా? ఆ ఓట్స్ ఎవరు వండి పెడతారు? ఇవేవీ లేవు. అన్నిటికన్నా విచిత్రం, అందులో బిడ్డ లేదు. పేరు మాత్రం పాలిచ్చే తల్లుల కోసం. 'రాత్రి ఎనిమిది దాటాక ఏమీ తినకూడదు' అని రాసిన మనిషికి, బాలింతరాలికి రాత్రి ఎనిమిదింటికి రోజు ముగియదని తెలియదు. పన్నెండుకీ రెండుకీ నాలుగుకీ లేచి బిడ్డని రొమ్ముకి అందుకునే మనిషికి తెల్లారుజామున మూడింటికి వేసే ఆకలి గురించి తెలియదు. అది పగటి ఆకలి లాంటిది కాదు. ఎముకల్లోంచి ఎవరో తోడుతున్నట్టుంటుంది. తెలిసిన వాళ్ళకి చెప్పనవసరం లేదు.

దీనికి ముందు నేను చదువుకున్న పాఠ్యం ఒకటుంది. అది కాగితం మీద లేదు, మా అమ్మ నోట్లో వుండేది. 1994లో సూర్యాపేటలో నా తొలిచూలు పురుడు. పాత చీర మడతేసి నడుముకి బిగించి కట్టింది. కాయం ముద్ద, ఎల్లిపాయ కారం, అన్నంలో నెయ్యి. నీళ్ళు అడిగితే గుక్కెడు. పెరుగు సలవ, వంకాయ వాతం, గుమ్మడికాయ అసలే వద్దు. మా అత్తగారిది జగ్గయ్యపేట వైపు. ఆమె తెలగపిండి పంపించింది, కూర చేసి పెడితే పాలు బాగా పడతాయని. పత్యం పేరుతో సగం కూరగాయలు మాన్పించి, దాహానికి నీళ్ళు కూడా లెక్కబెట్టి ఇచ్చిన ఆ పద్ధతిని నేను అప్పుడే తిట్టుకున్నాను. ఇప్పుడైనా సమర్థించను. పాలిచ్చే మనిషికి నీళ్ళు తగ్గించటం ఏ లెక్కన చూసినా తప్పే.

అయినా ఆ పాఠ్యంలో ఒకటుంది, ఈ చార్టులో లేనిది. నలభై రోజులపాటు నా కంచంలోకి అన్నం ఇంకొకరి చేతుల మీదుగా వచ్చింది. నేను పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు. చార్టు ఆ విశ్రాంతిని తీసేసి పత్యాన్ని మాత్రం వుంచుకుంది. కాయం పోయి గ్రీన్ టీ వచ్చింది. నడుంకట్టు పోయి బెల్టు వచ్చింది.

రెండు పాఠ్యాలకీ పైకి వైరం. ఒకటి తినమంటుంది, పాల కోసం. ఒకటి మానమంటుంది, నడుము కోసం. కానీ రెండూ ఒక దగ్గర కలుస్తాయి. "పాలు పడుతున్నాయా?" అని అందరూ అడుగుతారు. "ఎన్ని కేజీలు తగ్గావు?" అని అందరూ అడుగుతారు. "ఆకలవుతోందా?" అని అడిగినవాళ్ళు నాకు గుర్తు లేరు. మా అమ్మ కూడా అడగలేదు. నేనూ నా కూతుర్ని అడగలేదు.

లెక్కలంటే నాకు వ్యతిరేకత లేదు. లెక్క తెలియకపోవటం వల్లే ఆ పిల్ల మెట్ల మీద కూలబడింది. అందుకే సరైన లెక్కేమిటో వెతికి చూశాను. హైదరాబాదు తార్నాకలో వున్న జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి కలిసి 2020లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం, కూర్చుని చేసే పనుల్లో వున్న 55 కిలోల స్త్రీకి రోజుకు 1,660 కేలరీలు కావాలి. బిడ్డ పుట్టిన మొదటి ఆరునెలలు దానికి 600 కలపాలి, తర్వాతి ఆరు నెలలు 520. అంటే మా అమ్మాయికి అవసరమైనవి 2,260. ఆ కాగితం ఇచ్చినవి 1,200. ఆ 600 ఎందుకంటే, బిడ్డ రోజుకు సుమారు ముప్పావు లీటరు పాలు తాగుతుంది. పాలలో వుండే శక్తి ఒకటి, ఆ పాలని తయారుచేయటానికి ఒంటికయ్యే ఖర్చు మరొకటి. అందులో కొంత, గర్భిణిగా వున్నప్పుడు శరీరం దాచుకున్న కొవ్వులోంచి వస్తుంది. పాలిస్తే బరువు తగ్గుతారన్న మాటకి ఆధారం ఇదే. అయితే అది అందరిలోనూ ఒకేలా జరగదు. నిద్ర లేకపోవటం, థైరాయిడ్, ఆకలి పెరగటం, ఇంకా ఎన్నో అడ్డుపడతాయి. తగ్గని స్త్రీ తప్పు చేసినట్టు కాదు.

తగ్గాలనుకుంటే తగ్గొచ్చు కూడా. అధిక బరువున్న పాలిచ్చే తల్లుల మీద అమెరికాలో చేసి 2000లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, నాలుగో వారం తర్వాత నుంచి వారానికి అర కిలో చొప్పున తగ్గినవాళ్ళ పిల్లల ఎదుగుదలలో తేడా ఏమీ కనబడలేదు. రోజుకు 500 కేలరీలు తగ్గించి, నడకలాంటి వ్యాయామం చేశారు వాళ్ళు. మన లెక్కలో 2,260 నుంచి 450 తీసేస్తే 1,800 చిల్లర. దానికి దిగువకు పోవద్దని డాక్టర్లు సాధారణంగా చెబుతారు. పాలు పెరగటానికి నెయ్యి కన్నా, తెలగపిండి కన్నా ముఖ్యమైనది బిడ్డ తరచుగా తాగటం, రొమ్ము ఖాళీ కావటం. దీనికి మన భాషలో ఎంత మంచి మాటుందో! 'చేపు' అంటాం. దూడని వదిలితే గేదె చేపుతుంది. బిడ్డ ఏడుపు వింటే తల్లికి చేపు వస్తుంది. భయం, నొప్పి, అవమానం వుంటే చేపు ఆలస్యమవుతుంది. 'నీకు పాలు చాలటం లేదేమో' అని పక్కనుండి పదిసార్లు అనటం కూడా అందుకు సాయపడదు. ఆ మాట తర్వాత ఇంట్లోకి వచ్చేది పాల డబ్బా. డబ్బా పాల ప్రచారాన్ని 1992లో చట్టం చేసి నిషేధించారు కానీ, అనుమానాన్ని నిషేధించే చట్టం లేదు.

ఇంతవరకూ లెక్క స్త్రీకి పనికొచ్చేదే. కానీ ఇంకో సంగతి చదివాక నాకు గుబులు పుట్టింది. ఈ సంస్థ 1958కి ముందు కూనూరులో వుండేది. పేద తల్లుల పాల మీద 1950లలో సి. గోపాలన్ చేసిన పరిశోధనలు తేల్చిందేమిటంటే, సరిపడా తిండి లేని స్త్రీలు కూడా బిడ్డలకి నెలల తరబడి చాలావరకు సరిపడే పాలు ఇవ్వగలుగుతున్నారని. దీన్ని మాతృత్వపు మహిమగా చదవటం సులువు. నాకది ఒక హెచ్చరికలా వినబడింది. తల్లి ఒళ్ళు అరిగి పాలవుతున్నంతకాలం బిడ్డ బరువు పెరుగుతూనే వుంటుంది. మనం తూచేది బిడ్డని. కాబట్టి తల్లి అరుగుదల మన తక్కెడలో కనబడదు.

ఆ అరుగుదలని నేను మిర్యాలగూడలో చూశాను. చూసి కూడా గుర్తుపట్టలేదు.

1994లోనే నేను మిర్యాలగూడలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. పురుడయిన రెండు నెలలకే డ్యూటీలో చేరాను, లేకపోతే ఉద్యోగం వుండేది కాదు. బిడ్డ సూర్యాపేటలో మా అమ్మ దగ్గర. రానూపోనూ బస్సు. పదకొండింటికి చేపొచ్చి జాకెట్టు తడిసేది, కొంగు నిండుగా కప్పుకుని పద్యం చెప్పేదాన్ని. స్టాఫ్ రూములో ఒకామె నవ్వుతూ, "పెళ్ళిలో ఎంత సన్నగా వున్నారు మేడం మీరు!" అంది. ఆ మాట ఎన్నాళ్ళు పనిచేసిందో చెప్పలేను. మధ్యాహ్నం డబ్బా తెచ్చుకోవటం మానేశాను. రెండు నెలల్లో ఐదు కిలోలు తగ్గాను. మెచ్చుకున్నారు. ఆ గర్వం నాకింకా గుర్తుంది. జుట్టు రాలటం, మోకాళ్ళ సలుపు, సాయంత్రం బస్సులో ఏడుపు రావటం వీటిని దానితో కలిపి చూడలేదు.

బస్టాండుకి వెళ్ళే దారిలో రైస్ మిల్లుల మీదుగా నడిచేదాన్ని. సాగర్ ఎడమ కాలవ నీళ్ళొచ్చాక మిర్యాలగూడ మిల్లుల వూరయింది. ఉప్పుడు బియ్యం వాసన వూరంతా కమ్ముకుని వుండేది. ఉడికించిన వడ్లు ఆరబోసే సిమెంటు కల్లాల మీద ఆడవాళ్ళు కాళ్ళతో చాళ్ళు తీస్తూ ఎండలో తిరిగేవాళ్ళు. వాళ్ళలో ఒకామె బిడ్డని గోడ నీడలో గోనెసంచి మీద పడుకోబెట్టేది. నా బిడ్డ వయసే. పోతూ వస్తూ మాట కలిసింది. ఒకరోజు, మెచ్చుకోలుగానే, "ఎంత సన్నగున్నవ్! ఏం చేస్తవ్?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "సన్నగనా టీచరమ్మా? పిల్ల నన్నే తాగుతున్నది. నేను తినేది దానికే సాలదు" అంది.

నేను ఏమీ అనలేక బస్సెక్కాను. ఇద్దరం పాలిస్తున్నాం, ఇద్దరం తిండి తగ్గించాం, ఇద్దరం చిక్కిపోతున్నాం. నాకు దాని పేరు అందం, ఆమెకి పేరు లేదు. లెక్క ఇప్పుడు కట్టాను. బరువు పని చేసే స్త్రీకి 2,720 కేలరీలు, పాలిస్తుంటే 600. మొత్తం 3,320. ఆమె కూలి డబ్బులకి దొరికేది అన్నం, పచ్చిపులుసు, కారం. కడుపు నిండా తిన్నా అన్నం ఒక్కటే.

ఈ 'అన్నం ఒక్కటే' అన్న దగ్గర ఆగాలి. పోషకాహార సంస్థలోనే పనిచేసి, స్త్రీశక్తి సంఘటన, అన్వేషి లాంటి స్త్రీల బృందాలతో నడిచిన డాక్టర్ వీణా శత్రుఘ్న ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్న ఇదే. పేదల ఆహారాన్ని కేలరీల్లో కొలవటం మొదలుపెట్టాక, అతి చవకగా కేలరీలిచ్చే ధాన్యంతో ఆ అంకె నింపేస్తే సరిపోతుందన్న విధానం వచ్చిందని, పాలు, గుడ్లు, మాంసం, పళ్ళు పేదవాళ్ళ కంచంలోంచి విధానపరంగానే జారిపోయాయని ఆమె వాదన. కేలరీ అనేది అంకెగా అమాయకమైనదే. కానీ ఆ అంకె డబ్బున్న స్త్రీ చేతికి వచ్చేసరికి 'ఇంతకు మించొద్దు' అవుతుంది, పేద స్త్రీ దగ్గరకు వచ్చేసరికి 'ఇంత చాలు' అవుతుంది. కుటుంబాల తిండి లెక్కగట్టే పట్టికల్లో కూర్చుని పనిచేసే మగవాడిని 1 యూనిట్‌గా తీసుకుని, అలాంటి పనే చేసే స్త్రీని 0.8 యూనిట్‌గా రాసేవాళ్ళు. శరీరం పరిమాణం రీత్యా దానికి వాళ్ళ కారణం వాళ్ళకుంది. కానీ వంటింట్లో ఆఖర్న, అడుగంటిన గిన్నె ముందు కూర్చునే స్త్రీకి ఆ 0.8 అయినా మిగులుతుందా అన్నది పట్టికలో వుండదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ పేజీ తీస్తే, 15-49 ఏళ్ళ స్త్రీలలో 30.1 శాతం అధిక బరువు, 18.8 శాతం వుండాల్సిన దానికన్నా తక్కువ బరువు, 57.6 శాతం రక్తహీనత. లావుగా వున్నవాళ్ళలో కూడా రక్తం లేనివాళ్ళున్నారన్నమాట. కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లు. కోత మానని ఒంటి మీద 'పొట్ట తగ్గించుకోండి' అన్న మాట పడుతున్నది ఇలాంటి చోట.

ప్రభుత్వం చేసిందేమీ లేదనను. 2015 జనవరిలో మొదలైన ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకీ బాలింతలకీ అంగన్‌వాడీలో ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. కేంద్రానికి వచ్చి అక్కడే తినాలన్నది దాని ఉద్దేశం, ఇంటికి తీసుకెళితే ఆమె వాటా ఆమెకి దక్కదని. అది నిజం కూడా. కానీ మధ్యాహ్నం కల్లం మీద వున్న స్త్రీ అంగన్‌వాడీకి ఎట్లా వెళుతుంది? 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలయింది, రిజిస్టర్లో పేరున్న వాళ్ళకి. ఆమె పేరు ఏ రిజిస్టర్లో వుంది?

ఇక మన సాహిత్యం సంగతి. 1993లో 'నీలిమేఘాలు' వచ్చినప్పుడు మాలో ఎంతోమందికి శరీరం గురించి మాట్లాడే భాష దొరికింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్'ని కవితలోకి తెచ్చింది. పాటిబండ్ల రజని అబార్షన్ని తెచ్చింది. జయప్రభ చూపుల్ని నిలదీసింది. రొమ్ము మీద మగ చూపుని మనం పట్టుకున్నాం. రొమ్ముని అమృతభాండం చేసిన మగ కవిత్వాన్ని వెక్కిరించాం. కానీ ఆ రొమ్ము వెనకున్న కడుపు సంగతి? పాలిచ్చే స్త్రీ ఆకలి, మూడింటికి లేచి చీకట్లో డబ్బాలు తడుముకునే ఆకలి, నా చదువులో మన కవితల్లో చాలా అరుదు. లేబర్ రూము తలుపు దాటి బయటికొచ్చిన స్త్రీని మనం అక్కడే వదిలేశామేమోననిపిస్తుంది. మాలాంటివాళ్ళకి ఆకలి కవితా వస్తువు కాలేదు, ఎందుకంటే మేం దాన్ని ఎంచుకుని పడ్డాం. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' చదివాక దళిత స్త్రీల రచనలో తిండి, కూలి, కడుపు ఎంత కేంద్రంగా వున్నాయో చూసి, నా 'శరీర రాజకీయాల' సిలబస్ ఎంత ఇరుకో అర్థమయింది.

ఈ నేల మీద పాలని కొలిచిన చరిత్ర పాతదే. విసునూరు దొరల కాలంలో, నాట్లు వేస్తున్న బాలింతలు బిడ్డకి పాలిచ్చి వస్తామంటే, పాలున్నాయో లేదో పిండి చూపించమన్నారని తెలంగాణ పోరాట జ్ఞాపకాల్లో చెప్పుకుంటారు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లోని స్త్రీల గొంతులు విన్నాక ఆ మాట నాకు కథగా అనిపించదు. మహాశ్వేతాదేవి 'స్తనదాయిని'లో జశోద తన పాలని అమ్ముకుని ఇంటిల్లిపాదినీ పోషిస్తుంది. చివరికి ఆ రొమ్మే పుండయి చనిపోతుంది. పాలు తాగి పెరిగిన వాళ్ళెవరూ పక్కన వుండరు. ఆ కథని పాఠం చెప్పినప్పుడల్లా నేను దేశమాత ప్రతీక గురించే మాట్లాడాను. జశోదకి ఆకలేసేదా అని ఏ విద్యార్థినీ నన్ను అడగలేదు. నేనూ అడగలేదు.

మళ్ళీ కోదాడ. ఆ కాగితం చింపేస్తానంటే అమ్మాయి వొప్పుకోలేదు. "నాకు తగ్గాలనే వుందమ్మా. మోకాళ్ళు నొస్తున్నయ్, కడుపుతో వున్నప్పుడు షుగర్ కూడా వచ్చింది కదా. నువ్వు అన్నవని కాదు" అంది. ఆ మాట నాకు కావలసినదే. బరువు తగ్గాలనుకోవటం పితృస్వామ్యానికి లొంగిపోవటమని తీర్పు చెప్పటానికి నేనెవర్ని? అది దాని ఒళ్ళు. నేను తినవద్దన్నదీ పెత్తనమే, ఇప్పుడు తినమనటమూ పెత్తనం కావచ్చు. డాక్టరుకి చూపించి, రక్తం పరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ తక్కువే వుంది. రక్తం పుంజుకునేదాకా తగ్గే మాటే వద్దన్నారు. ఆ తర్వాత వారానికి అర కిలోకి మించకుండా, నడకతో. 1,200ని కొట్టేసి దాని చేతే 2,200 అని రాయించాను. జొన్నరొట్టె, పప్పు, తోటకూర, గుడ్డు, చేపలు. ఓట్స్ తినాలనుకుంటే తింటుంది.

మా అల్లుడిది మేళ్ళచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం. అతన్ని పిలిచి ఒకటే చెప్పాను, రాత్రి ఎనిమిది దాటాక కాగితంలో ఒక గీత ఖాళీగా వుంది, అది నువ్వు నింపాలి అని. అతను ఇబ్బందిగా నవ్వాడు. ఆ రాత్రి ఒక గిన్నెలో వేయించిన పల్లీలు, రొట్టె మడిచి, నీళ్ళ సీసా, మంచం పక్కన పెట్టాడు. రేపూ పెడతాడో లేదో తెలియదు. అడుగుతూ వుండాల్సిందే.

రెండింటికి పాప ఏడ్చింది. నేను లేచి వెళ్ళాను. అమ్మాయి పాపని అందుకుని గోడకి ఆనుకుంది. చీకట్లోనే అడిగాను, ఆకలవుతోందా అని. వెంటనే జవాబు రాలేదు. దాన్ని ఎవరూ అడగని ప్రశ్న కదా, ఒకసారి లోపలికి వెళ్ళి చూసుకోవాల్సి వచ్చినట్టుంది. "చాలా అమ్మా" అంది.

మిర్యాలగూడ కల్లం మీద ఆమెని నేనా మాట అడగలేదు. ఆమె చెప్పింది, నేను బస్సెక్కాను.